మాస్టారి మొదటి వాయిస్

మాస్టారు తన జన్మలో పంపిన మొట్టమొదటి వాయిస్ మెసేజి ఒకావిడ పొట్ట కొట్టింది. కొట్టాలని పంపలేదు పాపం. ఆదివారం పొద్దున కాళ్ళు చాపుకుని, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, కోడలు నేర్పిన విద్య పనిచేస్తుందో లేదో చూద్దామన్న సరదా అందులో సగం. మిగతా సగం కోపం.

"ఈ మైకు బొమ్మ మీద వేలు అలాగే నొక్కి పట్టుకోండి మామయ్యా," అని ముందురోజు సాయంత్రం కోడలు పక్కన కూర్చుని మరీ చెప్పింది. "మాట్లాడటం అయ్యాక వేలు తీసేయండి. మధ్యలో తీశారంటే సగం మాటే పోతుంది."

"మాట్లాడితే చాలా? రాయక్కర్లేదా?"

"అస్సలు అక్కర్లేదు."

"మరి ఇన్నాళ్ళూ నన్నెందుకు ఏడిపించారే ఆ చిన్న చిన్న అక్షరాలతో!" అన్నారాయన.

ఆయన యూనిఫారాలు కుట్టే షాపులో కటింగు మాస్టరు. ఆయన కత్తిరించిన ముక్కల్ని ఆరుగురు ఆడవాళ్ళు మిషన్ల మీద కుడతారు. ఆయనకూ ఒక పేరు ఉండే ఉంటుంది గానీ, కట్టుకున్న పెళ్ళాంతో సహా అందరూ మాస్టారనే పిలుస్తారు. మొన్నమొన్నటి దాకా ఎవరి కొలతైనా ఆయన టేపే తీయాలి. ఈమధ్యే కుర్ర ఓనరు షాపుకు వెబ్‌సైటు పెట్టాడు. అందులో ఒక ఫారం ఉంటుంది. బట్టలు కావలసినవాళ్ళు తమ కొలతలు తామే తీసుకుని అంకెలు నింపితే, అవి కాగితం మీద అచ్చయి కటింగు బల్ల మీదికి వస్తాయి. మొదట్లో మాస్టారు మూతి ముడుచుకున్నారు. కానీ నిజం చెప్పొద్దూ, నాలుగు రోజులు పోయేసరికి ఆ పద్ధతి ఆయనకు తెగ నచ్చేసింది. టేపు మెడలో వేసుకుని ఊరంతా తిరిగే బాధ తప్పింది. అది మూడో ఎనిమిదో అని కళ్ళు చికిలించే పనీ తప్పింది. ఆ ఫారం మీద మొట్టమొదటగా ఆసుపత్రి నర్సులు ముప్పై రెండు మంది కోట్లకు ఆర్డరిస్తే, అందరి కొలతలూ ఆయన కూర్చున్న చోటికే వచ్చిపడ్డాయి. మొదటి విడత పన్నెండు కోట్లు శుక్రవారం పంపేశారు కూడా.

ఆదివారం పొద్దున షాపు గ్రూపులో ఓనరు ఒక ఫోటో పెట్టాడు. లేత నీలం కోటు, చంక దగ్గర కుట్టు విచ్చుకుని నోరు తెరుచుకుని ఉంది. కింద హెడ్ నర్సు మాటలు ఉన్నవి ఉన్నట్టుగా దించాడు: "సెలైన్ తగిలిద్దామని చెయ్యి ఎత్తితే పర్రుమంది. పన్నెండూ బిగుతే. పేషెంట్ల ముందు మా పరువు పోయింది." దాని కింద ఓనరు ఒక్క ముక్క: "మాస్టారూ, ఏమిటిది?"

మాస్టారికి చర్రున కోపం వచ్చింది. అందరూ చూసే చోట తనను పట్టుకుని ఏమిటిదంటాడా? ఫోటోను రెండు వేళ్ళతో లాగి పెద్దది చేసి చూశారు. విచ్చుకున్నది కుట్టు. కుట్టింది ఎవరో కూడా ఆయనకు తెలుసు. ఆ పన్నెండూ నిదానమ్మ మిషను మీద కుట్టినవి. ఒక్కో కుట్టూ ఆగి ఆగి, చూసుకుని చూసుకుని కుడుతుందని ఆవిడకు ఆ పేరు పెట్టారు షాపులో. ఆయన మైకు బొమ్మ మీద వేలు నొక్కిపట్టారు.

"కటింగు నాది. నా కటింగులో వెంట్రుకవాసి తేడా రాదు. ఆ ఫోటో చూస్తేనే తెలుస్తోంది, గుడ్డంతా లోపలికి తినేసి కుట్టింది. అవన్నీ నిదానమ్మ కుట్టినవే. ధ్యాస పెట్టి చేస్తే ఇలా ఎందుకవుతుంది? ధ్యాస లేనివాళ్ళను మిషను మీద కూర్చోబెడితే షాపు పేరు గంగలో కలుస్తుంది. ఆ తర్వాత మీ ఇష్టం."

వేలు తీశారు. మెసేజి వెళ్ళిపోయింది. సరిగ్గా వెళ్ళిందో లేదోనని తనే ఒకసారి పెట్టుకుని విన్నారు. గొంతు బాగానే ఉందనిపించి ఇంకోసారి విన్నారు. తర్వాత టీ తాగారు.

ఇదే మాట షాపులో అని ఉంటే ఏమయ్యేది? ఆరు మిషన్ల చప్పుడులో సగం ఎవరికీ వినిపించేది కాదు. నిదానమ్మ లేచి వచ్చి, "అది కాదు మాస్టారూ, ఇదిగో మీరే చూడండి," అని కోటు తెచ్చి చేతిలో పెట్టేది. చేతిలోకి వచ్చిన గుడ్డను తిప్పి చూడకుండా ఆయన ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి, గుడ్డను ముట్టుకోకుండా తీర్పు చెప్పేశారు. ఆ సంగతి అప్పుడు ఆయనకే తట్టలేదు.

*

సోమవారం షాపులోకి అడుగుపెట్టేసరికి కిటికీ పక్క మిషను మీద ముసుగు కప్పి ఉంది. మిగతా అయిదు మిషన్లూ గడగడలాడుతున్నాయి. రోజూ "మాస్టారూ, టీ తాగారా?" అని పలకరించే వాళ్ళెవరూ తల ఎత్తలేదు.

"నిదానమ్మ రాలేదేం?" అని అడిగారు.

కాజాలు కుట్టే ఆవిడ సూది నోట్లోంచి తీసి సమాధానం చెప్పింది. "ఓనరు రావద్దన్నాడట. నిన్న మీరు అలా చెప్పాక ఇంకెందుకు రానిస్తాడు మాస్టారూ?"

"నేను రావద్దనలేదే!"

"మీరేమన్నారో మా ఫోన్లలో ఉందిగా," అని ఆవిడ మళ్ళీ సూది నోట్లో పెట్టుకుంది.

మాస్టారు కటింగు బల్ల దగ్గరికి వెళ్ళారు. అంతలో కుర్ర ఓనరు లోపలి గదిలోంచి వచ్చి, వెనక్కి వచ్చిన కోట్ల మూట బల్ల మీద పెట్టాడు. "బుధవారం నుంచి కొత్తమ్మాయి వస్తుంది మాస్టారూ. మీరు అంత గట్టిగా చెప్పాక నాకింక అనుమానమే లేదు. ఇవి ఎలా సరిచేస్తారో చూడండి. ఈ ఆర్డరు పోతే ఆ ఆసుపత్రి మళ్ళీ మన మొహం చూడదు."

మాస్టారు మూట విప్పారు. పైన ఉన్న కోటు తీసి బల్ల మీద పరిచి, అరచేత్తో ముడతలు సాపు చేసి, టేపు వేశారు. చుట్టూరా ముప్పై ఆరు. కాగితం మీద అంకె చూశారు. ముప్పై ఆరు. ఇంకోటి తీశారు. ముప్పై ఎనిమిది, కాగితం మీదా ముప్పై ఎనిమిదే. కోటును లోపలి వైపుకు తిప్పారు. కుట్టు ఆయన గీసిన చాక్‌పీసు గీత మీదే నడిచింది. ఎక్కడా గీతకు అటు పోలేదు, ఇటు రాలేదు. చంక మలుపులో అయితే ఆవిడ రెండోసారి కూడా కుట్టేసింది, గట్టిగా ఉంటుందని. అయినా విచ్చుకుందంటే లోపలి మనిషి ఎంత బలంగా సాగదీస్తే విచ్చుకుందో.

పన్నెండూ కొలిచారు. పన్నెండూ కాగితం చెప్పినట్టే ఉన్నాయి. కుట్టులో తప్పు లేదు.

ఆ మాట వెంటనే లోపలికి వెళ్ళి చెప్పొచ్చు కదా? చెప్పలేదు. అక్కడే ఉంది మనిషి బుద్ధి. కుట్టులో తప్పు లేదని చెబితే, మరి నిన్న ఎందుకలా అన్నారని అడుగుతాడు. అందుకని పన్నెండు కోట్లూ మడతపెట్టి, కాసేపు కత్తెరకు నూనె రాసి, అప్పుడు ఓనరు దగ్గరికి వెళ్ళారు.

"ఆ సిస్టర్లకు కొలత తీయడం వచ్చినట్టు లేదయ్యా. వాళ్ళు పంపిన అంకెలే తప్పు."

"అయితే నిదానమ్మ కుట్టు..."

"ముందు అంకెల సంగతి చూడు," అన్నారు మాస్టారు. ఆ మాట అంటున్నప్పుడే ఆయనకు తన మీద తనకు సిగ్గేసింది. అయినా అన్నారు.

ఓనరు చిటికె వేశాడు. "అయితే మీరే కొలత ఎలా తీయాలో ఒక వీడియో తీయండి. ఫారం పైన పెట్టేస్తాను. అది చూసి అందరూ మళ్ళీ కొలుచుకుంటారు. మీ చెయ్యి కంటే గొప్ప పాఠం ఏముంది మాస్టారూ!"

*

సాయంత్రం ఇంట్లో వీడియో సంబరం మొదలయింది. కోడలు హాల్లో లైటు కిందికి కుర్చీ లాగి, ఫోను నిలబెట్టడానికి నాలుగు పుస్తకాలు పేర్చింది. కొలత ఇవ్వడానికి మనిషి కావాలి కాబట్టి మాస్టారి భార్యను వంటింట్లోంచి లాక్కొచ్చారు.

"పెళ్ళయిన ఇన్నేళ్ళకు నా కొలత తీయాలని బుద్ధి పుట్టింది మా మాస్టారికి," అందావిడ చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ.

"మాట్లాడకు, అన్నీ పడతాయి అందులో."

"పడనీండి. ఊరంతా వింటుంది."

"అత్తయ్యా, చేతులు కాస్త పైకి," అంది కోడలు నవ్వు ఆపుకుంటూ. "మామయ్యా, మీరు కొలిచేటప్పుడు మామూలుగా ఏం చేస్తారో అదే చేయండి. కెమెరా వైపు చూడకండి. ఆ, మొదలుపెట్టండి."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. టేపు భార్య వెనక నుంచి తెచ్చి ఛాతీ మీద కలిపారు. "ఇదిగో, టేపు ఇలా నేలకు సమానంగా ఉండాలి. వదులు ఉండకూడదు. ఇలా ఒంటికి ఆనించి పట్టుకుని, ఇక్కడ అంకె చూడాలి. నలభై."

"వేళ్ళు గుచ్చుకుంటున్నాయి, త్వరగా కానివ్వండి," అంది భార్య.

కోడలు వీడియో ఆపి, తీసింది వేసి చూసుకుంది. మళ్ళీ వెనక్కి జరిపి చూసింది. "మామయ్యా, ఒంటికి ఆనించాలని నోటితో అంటున్నారు. మరి టేపు లోపల ఆ వేళ్ళెందుకు?"

"ఏ వేళ్ళు?"

"మీవే. చూడండి."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని ఫోను మీదికి వంగారు. తెర మీద ఆయన చేతులు కనిపించాయి. ఎడమచెయ్యి టేపు కొస పట్టుకుంది. కుడిచెయ్యి చూపుడువేలూ మధ్యవేలూ టేపుకూ ఒంటికీ మధ్యలోకి దూరి, నిటారుగా నిలబడి, టేపును పైకెత్తి పట్టుకున్నాయి. ఆయన నోరేమో ఆనించాలి ఆనించాలి అంటోంది.

"ఇది నేనెప్పుడు చేశాను?" అన్నారాయన.

"ఇప్పుడే చేశారు!"

"ఇంకోసారి పెట్టు."

కోడలు పెట్టింది. ఆయన నాలుగుసార్లు చూశారు. తర్వాత భార్య దగ్గరికి వెళ్ళి, వేళ్ళు బయట పెట్టి, టేపు నిజంగా ఒంటికి ఆనించి కొలిచారు. ముప్పై ఎనిమిది. వేళ్ళు పెట్టి కొలిచారు. నలభై.

రెండంగుళాలు. మనిషి ఊపిరి తీసుకోవడానికి, చెయ్యి పైకెత్తడానికి కావలసిన వదులు అదే. అందరు దర్జీలూ కొలత తీశాక కాగితం మీద వదులు కలుపుతారు. ఈయన వదులు వేళ్ళలోనే ఉంది. ఆయన రాసుకునే అంకెలో అది ముందే కలిసిపోయి ఉంటుంది కాబట్టి, అంకె ఎంతో కోటు అంతకే కత్తిరించేవారు. ఇన్నేళ్ళూ ఒక్క కోటూ వెనక్కి రాలేదు. నర్సులు మాత్రం ఫారంలో చెప్పినట్టు బుద్ధిగా టేపు ఒంటికి ఆనించి కొలుచుకున్నారు. వాళ్ళ అంకెల్లో ఈయన వేళ్ళు లేవు. ఈయన ఎప్పటిలాగే అంకెకు తగ్గట్టు కత్తిరించేశారు.

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. "సిస్టర్లూ సరిగ్గానే కొలిచారు. ఆవిడా సరిగ్గానే కుట్టింది."

"ఎవరు మామయ్యా?"

ఆయన తన ఫోను తీసి కోడలికి అందించారు. "ఆదివారం నేను పంపిన వాయిస్ తీసేయొచ్చా?"

కోడలు నొక్కి చూసి తల అడ్డంగా ఊపింది. "మీ ఫోన్లోంచి పోతుంది గానీ, అందరి ఫోన్లలోంచీ తీసేసే టైము దాటిపోయింది."

"తీసేస్తే మాత్రం విన్నవాళ్ళ చెవుల్లోంచి పోతుందా ఏమిటి?" అంది భార్య. ఆవిడ ముఖంలో ఇప్పుడు వేళాకోళం లేదు. "నేనూ విన్నాను లెండి నిన్న, వంటింట్లోంచి. ఒకళ్ళ కూటి మీద మాట అంటున్నారే అనుకున్నాను."

"మరి అప్పుడే చెప్పొద్దూ?"

"మీ కటింగులో వెంట్రుకవాసి తేడా రాదంటిరి. నేనేం చెప్పను?"

*

మంగళవారం షాపు తెరవగానే మాస్టారు ఓనరుకు అంతా చెప్పేశారు. ఓనరు ముందు తెల్లబోయి, తర్వాత పగలబడి నవ్వాడు.

"ఇంతేనా! నేనింకా వెబ్‌సైటే మూసేసుకోవాలేమో అనుకుని రాత్రంతా నిద్రపోలేదు. ఇకనుంచి ఫారంలో వచ్చిన అంకెకు రెండంగుళాలు కలిపేయండి, సరిపోతుంది. ఆ వేళ్ళ సంగతి కూడా వీడియోలో చెప్పేయండి, జనానికి భలే నచ్చుతుంది."

"నిదానమ్మకు ఫోన్ చెయ్యి."

ఓనరు నవ్వు తగ్గింది. "అదే కదా మాస్టారూ... కొత్తమ్మాయికి మాట ఇచ్చేశాను. రేపే వస్తోంది. నిదానమ్మ కూడా ఈపాటికి ఎక్కడో చూసుకునే ఉంటుంది. వచ్చే నెల చూద్దాం లెండి."

మాస్టారు మెడలోంచి టేపు తీసి, చుట్ట చుట్టి బల్ల మీద పెట్టారు. పక్కనే కత్తెర కూడా పెట్టారు. "ఆ మిషను మీద ఆవిడ కూర్చున్న రోజు చెప్పు. వచ్చి కటింగు చేస్తాను."

"అదేమిటి మాస్టారూ! ధ్యాస లేదని మీరే కదా అన్నారు?"

"అన్నాను. చూడకుండా అన్నాను. నువ్వూ చూడకుండానే విన్నావు. తప్పు చేసిన నేనిక్కడ పని చేసుకుంటూ ఉంటే, ఆవిడ ఇంట్లో కూర్చోవడం ఏం న్యాయమయ్యా?"

మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఓనరు అయిదుగురి ముఖాల వైపూ చూశాడు. కాజాలావిడ సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు నటిస్తూ చెవి ఇటే పెట్టింది. ముసుగు కప్పిన మిషను వైపు కూడా చూసి అతను చేతులెత్తేశాడు. "సరే, రమ్మనండి. కొత్తమ్మాయికి ఇంకో మిషను వేద్దాం. ఇంకా ఇరవై కోట్లు ఉన్నాయిగా, పని ఎక్కడికి పోతుంది?"

నిదానమ్మ ఫోను మోగి మోగి ఆగిపోయింది. మూడుసార్లు చేశారు. ఎత్తలేదు. ఇక లాభం లేదని సాయంత్రం కోట్ల మూట చంకన పెట్టుకుని ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళారు.

మూడో అంతస్తు. మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. తలుపు తీసే ఉంది. లోపల కిటికీ దగ్గర పాత మిషను మీద ఎవరివో కర్టెన్లు కుడుతోంది నిదానమ్మ. బల్ల నిండా అలాంటి గుడ్డలే ఉన్నాయి. ఆయన్ను చూసి లేచి నిలబడింది గానీ నవ్వలేదు.

"రండి మాస్టారూ. కూర్చోండి. మెట్లెక్కి వచ్చారు, మంచినీళ్ళిమ్మంటారా?"

"ఇవ్వమ్మా." నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు. "పని బాగానే ఉన్నట్టుందే."

"నిన్న మా బిల్డింగు గ్రూపులో ఫోటో పెట్టాను, ఇంట్లో కుట్టి ఇస్తానని. సాయంత్రానికి ఆరిళ్ళవాళ్ళు కర్టెన్లు తెచ్చిపడేశారు. ఫోన్లో చేటూ ఉంది, మేలూ ఉంది."

ఆ మొదటి మాట ఎవరిని ఉద్దేశించి అన్నదో మాస్టారికి తెలియకపోలేదు. ఆయన డొంకతిరుగుడు లేకుండా చెప్పేశారు, వేళ్ళ సంగతీ, కోట్ల సంగతీ, సోమవారం తెలిసి కూడా నోరు మెదపని సంగతీ. "తప్పు నాదమ్మా. రేపటినుంచి నువ్వు రావాలి. ఓనరూ రమ్మన్నాడు."

నిదానమ్మ విని తల ఊపింది. చేతిలోని కర్టెను అంచు మడత పెడుతూనే ఉంది. "నా కుట్టు సంగతి నాకు తెలుసు మాస్టారూ. అది నాకు చెప్పడానికి మీరు మూడంతస్తులు ఎక్కక్కర్లేదు."

"మరి?"

"మీరు నన్ను నా ఇంట్లో అన్నారా? అందరిలో అన్నారు. అది అలాగే ఉంది అందులో. ఎవరికి కావాలంటే వాళ్ళు వినొచ్చు. మా అమ్మాయి నా ఫోన్లో ఏదో చూస్తూ అది నొక్కింది. 'అమ్మా, నువ్వు ధ్యాస పెట్టి పని చెయ్యవా?' అని అడిగింది. పన్నెండేళ్ళ పిల్ల. నేనేం చెప్పను చెప్పండి?" అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న గొంతు ఆ చివరి మాట దగ్గర వణికింది.

మాస్టారి కళ్ళు చెమ్మగిల్లాయి. జేబులోంచి ఫోను తీశారు. గ్రూపు తెరిచి మైకు బొమ్మ మీద వేలు పెట్టారు. "నేను మాస్టార్ని మాట్లాడుతున్నాను. నిదానమ్మ కుట్టిన కోట్లు..." కంగారులో వేలు జారింది. సగం మాట వెళ్ళిపోయింది.

"అయ్యో! పోయింది!"

"మళ్ళీ చేయండి," అంది నిదానమ్మ. "నిదానంగా చేయండి."

ఈసారి ఆయన మోచెయ్యి బల్ల మీద ఆనించి, రెండో చేత్తో మణికట్టు పట్టుకుని, గట్టిగా నొక్కారు.

"నేను మాస్టార్ని. ఆదివారం నేను చెప్పింది అబద్ధం. కోటును చేత్తో ముట్టుకోకుండా, ఫోటో చూసి వాగాను. నిదానమ్మ కుట్టు నా గీత మీదే ఉంది, పన్నెండు కోట్లూ కొలిచి చూసి చెబుతున్నాను. తప్పు కటింగుది. కటింగు నాది. ధ్యాస లేనిది నాకు, ఆవిడకు కాదు. నాకంటే శ్రద్ధగా పనిచేసే మనిషి మన షాపులో ఎవరైనా ఉన్నారంటే అది నిదానమ్మే. ఆదివారం నా మాట విన్నవాళ్ళందరూ ఇది కూడా వినండి. ఇంట్లోవాళ్ళకు వినిపించిన వాళ్ళు ఇది కూడా వినిపించండి."

వేలు తీశారు. బల్ల మీద ఉన్న నిదానమ్మ ఫోను టింగుమంది. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. మూటలోంచి ఒక కోటు తీసి లోపలి వైపుకు తిప్పి, పక్క కుట్టును బొటనవేలితో తడిమింది.

"లోపల అంగుళం చొప్పున వదిలారుగా మీరు. అటు అర, ఇటు అర విప్పితే, రెండు పక్కలా కలిపి రెండంగుళాలు దొరుకుతాయి. చంకలో చిన్న ముక్క వేస్తే చెయ్యి ఎత్తినా ఏమీ కాదు. ఎల్లుండికి పన్నెండూ ఇచ్చేయొచ్చు."

"వస్తావామ్మా మరి?"

"ఈ కర్టెన్లు ఒప్పుకున్నాను. సాయంత్రాలు ఇవి కుట్టుకుంటాను. అయిదింటికల్లా మిషను మీదనుంచి లేచిపోతాను. ఓనరుకు ముందే చెప్పండి."

"చెబుతాను."

అప్పుడు ఆవిడ లోపలి గది వైపు తిరిగింది. "ఇలా రావే, జడ తర్వాత వేసుకుందువుగానీ. ఇది విను."

జడ అల్లడం సగంలో ఆపేసి, ఒక చేత్తో జుట్టు పట్టుకుని ఆ పిల్ల వచ్చింది. మాస్టారిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తల్లి ఫోను అందించి, ఏది నొక్కాలో చూపించింది. ఆ చిన్న గదిలో మాస్టారి గొంతు మొదటినుంచి చివరిదాకా మోగింది. పిల్ల ఒకసారి ఆయన వైపూ, ఒకసారి తల్లి వైపూ చూసింది.

"ఇంకోసారి పెట్టనా అమ్మా?"

"పెట్టు," అంది నిదానమ్మ కర్టెను మళ్ళీ మిషను మీదికి లాక్కుంటూ. "సౌండు పెంచి పెట్టు."